పియానో మోసేవాడి సినిమా

ఆ సినిమా మా ఇంటికి ఎలా వచ్చిందో నేను ముగ్గురికి మూడు రకాలుగా చెప్పబోయాను. ఆఫీసులో నా పక్క సీటు జర్మన్ ఆయనకు, మా తాతగారు లండన్‌లో ఉండగా ఆ సినిమా గుంపు డాన్సులో మూడో వరసలో నిలబడ్డారనీ, తలపాగా కెమెరాకు అడ్డొస్తోంది తీయమంటే తీయనన్నారనీ, ఆ కోపంతో డైరెక్టరు మూడో వరస మొత్తం కత్తిరించేశాడనీ చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి వచ్చి, మీ తాతగారి విషయంలో చాలా బాధగా ఉంది అన్నాడు. మా తాత గుంటూరు దాటి ఎరగడు. ఉగాది పండక్కి స్టుట్‌గార్ట్‌లో కలిసిన ఒకావిడకు, రైల్లో ఎవరో మర్చిపోయిన సూట్‌కేసులో దొరికిందని చెప్పాను. మూడో కథ మా ఆవిడకే చెప్పబోయాను గానీ, దాన్ని కొన్నది ఆవిడే.

కొన్నది మా ఊరి చౌరస్తాలో, శనివారం పాత సామాన్లు అమ్మే ఫ్లోమార్క్ట్‌లో. మా ఊరంటే స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో ఇరవై అయిదు నిమిషాలు. పెళ్లయి వచ్చిన మొదటి చలికాలం అది. ఈ దేశంలో టీవీ పెడితే ప్రపంచంలోని నటులందరూ జర్మన్‌లోనే మాట్లాడతారు. ఆమెకు అప్పటికి జర్మన్‌లో అంకెలు మాత్రమే వచ్చు. డీవీడీ వెనక ఇంగ్లిష్ అని రాసి ఉండేసరికి వదల్లేదు. అట్ట మీద పియానోపై కూర్చున్న ముగ్గురు కుర్రాళ్లు, పక్కన మోకాళ్లకు జానెడు పైనే ఆగిపోయిన గౌను వేసుకుని, కొండంత కొప్పు పెట్టుకున్న అమ్మాయి.

"ఈమె కొప్పు జూడు. మా పెద్దమ్మ పెండ్లి ఫోటోల అచ్చం గిట్లనే ఉంటది" అంది మా ఆవిడ. ఆమెది హనుమకొండ.

"గౌను కూడానా?" అన్నాను.

మోచేత్తో ఒకటి పొడిచింది. అలా మా ఇంటికి వచ్చింది ఆ సినిమా.

అరవైల నాటి బ్రిటిష్ సినిమా. ఊరంతా రంగులు, అయిదు నిమిషాలకో పాట, ఎవరికీ ఏ బాధా ఉండదు. హీరో పియానోలు మోసే కూలీ. చెప్పుల షాపులో పనిచేసే అమ్మాయి కనపడగానే, తాను పెద్ద పియానో విద్వాంసుణ్ణని కోసేస్తాడు. మీటలు నొక్కడం కూడా రాదు వాడికి. ఆమె ముందు వాయించాల్సి వచ్చినప్పుడల్లా తెర వెనక స్నేహితుడు వాయిస్తుంటాడు, వీడు ముందు కూర్చుని వేళ్లు ఆడిస్తుంటాడు. ఒకసారి స్నేహితుడికి తుమ్ము వస్తుంది. ఆ తుమ్ముకు తగ్గట్టు వీడు తల విదిలించాల్సి వస్తుంది. చివర్లో నిండు సభలో తెర ఊడి పడుతుంది, గుట్టు బయటపడుతుంది. అమ్మాయి ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తుతుంది. వీడు పియానోను తోసుకుంటూ వెంటపడతాడు. అది పల్లపు వీధి. పియానో జారిపోతుంది, దాని మీద వీడు, వీడి మీద పాట. పాట అయ్యేసరికి ఆమె క్షమించేస్తుంది, పోలీసులతో సహా వీధి వీధంతా డాన్సు చేస్తుంది.

"నీకూ వానికీ ఒక్కటే తేడా. వానికి పాట ఉంది" అనేది మా ఆవిడ.

పెళ్లిచూపుల్లో నేను ఆమెతో, డిగ్రీ పరీక్షకు బస్సు తప్పిపోతే సర్కస్ వాళ్ల ఏనుగెక్కి వెళ్లాననీ, హాల్‌టికెట్టు అది మింగేసిందనీ చెప్పాను. వాళ్ల నాన్న ముఖం మాడ్చుకున్నాడు. ఆమె పళ్లెంలో మిక్చరు ఒలికిపోయేలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆ రోజే అనుకున్నాను, ఈమెను ఇలా నవ్విస్తూ ఉంటే చాలు, ఇంక కాపురానికి ఏం కావాలని. అలాగే అనుకుంటూ పద్దెనిమిదేళ్లు గడిపేశాను.

ఆ పద్దెనిమిదేళ్లూ శనివారం మధ్యాహ్నం ఆ సినిమా వేసేవాళ్లం. ప్రతి శనివారం అంటే అది నా కోత. నెలకోసారి అనుకోండి. దానికంటే ముందు ఆమె మెట్లు ఊడ్చేది. ఈ ప్రాంతంలో కేర్‌వోఖె అని ఒక పద్ధతి ఉంది. బిల్డింగులో అందరూ వంతులవారీగా వారానికొకరు మెట్లూ, గుమ్మం ముందరా శుభ్రం చేయాలి. ఎవరి వంతు వస్తే వాళ్ల తలుపుకు చిన్న చెక్క పలక వేలాడదీస్తారు. పని పూర్తయ్యాక ఆ పలకను పక్కవాళ్ల తలుపుకు తగిలించాలి. చావబోయే మనిషైనా ఇక్కడ వంతు మాత్రం తప్పడు. మా వంతు ఎప్పుడూ ఆమెదే. సినిమాలో పాట కూనిరాగం తీస్తూ ఊడ్చేది. నేను పై మెట్టు మీద కూర్చుని తాళం వేసేవాణ్ణి.

కింది ఇంట్లో ఓ ముసలావిడ ఉంటుంది. ఎనభై దాటాయి. ఓమా, అంటే అమ్మమ్మ, అని పిలిచేవాళ్లం. ఆమె తలుపు సందులోంచి మా ఆవిడ ఊడ్పును పరీక్షించి, బాగుంటే తల ఊపేది. ఆ తల ఊపు కోసం మా ఆవిడ మూలలు కూడా తడిగుడ్డతో తుడిచేది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా ఆవిడ హనుమకొండలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఇక్కడికొచ్చాక సర్టిఫికెట్లు చెల్లవన్నారు, భాష రాదన్నారు. చివరికి ఒక కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, పొద్దున పూట ఆపిల్ పళ్లు కోసి పెట్టే పనిలో చేరింది. పద్నాలుగేళ్లు కోసింది. ఏ రోజూ ఏమీ అనలేదు. నేను కూడా అడగలేదు. సాయంత్రం ఇంటికి రాగానే ఏదో ఒక కోత కోసి నవ్వించేవాణ్ణి.

కరోనా వచ్చిన ఏడు ఫిబ్రవరి చివర్లో చెల్లెలి గృహప్రవేశానికి మూడు వారాలకని హైదరాబాద్ వెళ్లింది. మూడో వారంలో విమానాలు ఆగిపోయాయి.

మొదటి శనివారం నేనే ఫోన్ చేసి, "సినిమా వేద్దామా? నువ్వక్కడ, నేనిక్కడ" అన్నాను. చెల్లెలి కొడుకు ఎక్కడో ఇంటర్నెట్‌లో వెతికి ఆమెకు పెట్టిచ్చాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఒకేసారి మొదలుపెట్టాం. కానీ ఆ పాత డీవీడీ ఒక పిసరు వేగంగా నడిచే రకం. ఆమె దగ్గరున్నది మామూలు వేగం. మొదట్లో తెలియలేదు. సగానికి వచ్చేసరికి నేను రెండు నిమిషాలు ముందున్నాను, చివరికి నాలుగు. ఒక్కసారి ఆపి, కలుపుకుందాం అంటే సరిపోయేది. అనలేదు. తుమ్ము సీనుకు నేను నవ్వడం అయిపోయి, నోరు మూసుకుని కూర్చుని, అవతల ఆమె నవ్వడం మొదలుపెట్టగానే మళ్లీ నవ్వేవాణ్ణి. ఒక్కో జోకుకు రెండు నవ్వులు.

"ఇద్దరం ఒక్కతీరుగ నవ్వుతున్నం గదా, పక్కనే ఉన్నట్టుంది" అంది ఆమె.

"మరి!" అన్నాను.

ఏప్రిల్ మొదట్లో నాకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు కాఫీ వాసన తెలియలేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే గడప దాటొద్దు, ఊపిరి అందకపోతే మాత్రం అంబులెన్సు పిలవమన్నాడు. మంచం మీద పడుకుంటే దగ్గు, కూర్చుంటే కళ్లు తిరగడం. బాత్రూమ్ నేల చల్లగా ఉంటుందని అక్కడ దుప్పటి వేసుకుని పడుకునేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసే వేళకు లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, కాసేపు నవ్వు ప్రాక్టీసు చేసి అప్పుడు ఎత్తేవాణ్ణి.

"ఎట్లున్నవ్?"

"నన్ను అడుగుతావా, వీధిని అడుగు! ఇక్కడ రోజూ సాయంత్రం ఆరింటికి అందరూ బాల్కనీల్లోకి వచ్చి మన సినిమా పాట పాడుతున్నారు."

"మన సినిమా పాటనా? వాళ్లకెట్ల దెలుసు?"

"నేనే నేర్పా. ఎదురింటి ఇటలీ ఆయన ట్రంపెట్ ఊదుతున్నాడు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాల సైకిల్ని పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు. ఓమా సాస్‌పాన్ మీద గరిటెతో వాయిస్తోంది."

"ఓమాకు ఇంగ్లిష్ రాదు గదయ్యా."

"సాస్‌పాన్‌కి భాషేంటి?"

ఆమె పడీ పడీ నవ్వింది. నాకు దగ్గొచ్చింది.

"ఆ దగ్గేంది?"

"నవ్వాపుకోలేక."

మర్నాడు పాటకు రెండో చరణం చేర్చాను. ఆ మర్నాడు మేయరును కూడా దింపాను. ఆయన మాస్కు మీద మీసాలు గీయించుకుని వచ్చాడని చెప్పాను. బాత్రూమ్ నేల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ, వీధంతా డాన్సు చేయించాను.

ఏడో రోజో, ఎనిమిదో రోజో ఆమె గొంతు వేరేగా ఉంది.

"మెయిల్ వచ్చింది. జర్మనీల ఉండెటోళ్లను ఎనుకకు తీస్కపోనీకి స్పెషల్ ఫ్లైట్ ఏస్తున్నరట. నాకు సీటు వచ్చింది. గురువారం. రేపటి వరకు వస్తనా రానా చెప్పాల్నట." గొంతు తగ్గించి అడిగింది. "రావాల్నా?"

ఆ 'రావాల్నా'ను నేను ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అందులో ప్రశ్న లేదు, తలుపు ఉంది. తోస్తే తెరుచుకునేది. ఆమెకు ఉబ్బసం ఉంది, ఈ ఇంట్లోకి వస్తే ఈ రోగం ఆమెకు అంటుతుంది, అందుకే వద్దన్నానని తర్వాత అందరికీ చెప్పాను. అది నిజంలా ఉంటుంది. కానీ ఆ కారణం నాకు నెల తర్వాత దొరికింది. ఆ నిమిషంలో నేను ఉబ్బసం సంగతి అసలు తలచుకోలేదు. నాకు వేరే మాట రాలేదు, అంతే. నా నోటికి ఒకటే పని తెలుసు.

"ఇప్పుడొస్తే ఎలా! కోరస్‌లో ఖాళీ లేదు. నీ చోటు పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చేశాం" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నువ్వు మంచిగనే ఉన్నవ్ గద అయితే. ఇక్కడ చెల్లె అపార్ట్‌మెంట్ల పిల్లలు లెక్కలు చెప్పమంటున్నరు. సరే, ఇంకెవలన్న అవసరం ఉన్నోళ్లు పోతరు" అంది.

సీటు వదిలేసింది. నేను ఫోన్ పక్కన పెట్టి, నీళ్ల కోసం లేవబోయి లేవలేకపోయాను.

పన్నెండు రోజులకు జ్వరం దిగింది. ఈలోగా నేను గమనించని సంగతి ఒకటి జరిగింది. ఆ రెండు వారాల్లో మా కేర్‌వోఖె వంతు వచ్చింది. పలక మా తలుపుకు అలాగే వేలాడుతోంది, మెట్ల మీద దుమ్ము అలాగే ఉంది. ఓమా చూసింది. మా ఇంట్లో వంతు తప్పడమన్నది ఆమె ఎరగదు. పైకొచ్చి తలుపు కొట్టింది. నేను లోపలి నుంచే, రోగం, దూరం, అని నాకొచ్చిన జర్మన్‌లో అరిచాను. ఆ రోజు నుంచి రోజూ గుమ్మంలో సూప్ గిన్నె పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి, మెట్లు దిగిపోయేది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి మోకాళ్ల మీద కూర్చుని మా మెట్లు కూడా ఊడ్చింది.

మే నెలలో ఓమా పుట్టినరోజు వచ్చింది. ఏటా కేకు చేసి ఇచ్చేది మా ఆవిడ. ఈసారి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. శుభాకాంక్షలు చెప్పి, తనకొచ్చిన జర్మన్‌లో, మీరు మా పాటకు సాస్‌పాన్ బాగా వాయిస్తున్నారట అని మెచ్చుకుంది. ఓమాకు అర్థం కాలేదు. ఏ సాస్‌పాన్? ఏ పాట? మీ ఆయన రెండు వారాలు కర్టెన్ తీయలేదమ్మా. మీ కేర్‌వోఖె నేను చేశాను, అంది.

ఆ శనివారం సినిమా వేళకు ఫోన్ వచ్చింది. నేను డీవీడీ పెట్టి, రిమోట్ పట్టుకుని, ఒకటి, రెండు అంటున్నాను.

"ఆపు" అంది. "కేర్‌వోఖె ఎవలు చేసిన్రు?"

అక్కడే దొరికిపోయాను. సాస్‌పాన్ గురించి అడిగి ఉంటే ఏదో ఒకటి అల్లేవాణ్ణి. కేర్‌వోఖె గురించి ఆమెకు అబద్ధం చెప్పలేను.

"నువ్వు కంగారుపడతావని..." అన్నాను.

"పడత. పెండ్లాన్ని. పడొద్దా?"

"నువ్వేం చేస్తావ్ అక్కణ్ణుంచి?"

"సీటు వచ్చింది గదా నాకు! రావాల్నా అని అడిగిన గదా!"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"పద్దెనిమిదేండ్లు. నీకు ఒక్కనాడన్న బాధయిందా? ఆఫీసుల నిన్ను తీసేస్తమన్ననాడు ఏం జెప్పినవ్ నాకు? మేనేజర్ చెప్పుల దయ్యం జొచ్చిందని జెప్పినవ్. నవ్విన. మీ అమ్మ పోయిననాడు గూడ ఏదో ఒకటి జెప్పి నన్నే నవ్వించినవ్. నీ నవ్వుల నాకు భాగమిచ్చినవ్. మిగిలిందంత నువ్వే దాసుకున్నవ్. నేనేమన్న చుట్టపోళ్ల పిల్లనా?"

ఫోన్ పెట్టేసింది. రిమోట్ ఎప్పుడు నొక్కానో తెలియదు, టీవీలో హీరో పియానో మీద తాళంచెవి పారేసుకుని వెతుకుతున్నాడు.

తర్వాత మాట్లాడుకోలేదని కాదు. వారానికి రెండుసార్లు మాట్లాడుకున్నాం. కూర ఏంటి, వాన పడిందా. సినిమా మాత్రం మళ్లీ వేయలేదు. అపార్ట్‌మెంట్ పిల్లలు పదిమందయ్యారు, ఆ పదిమంది వాళ్ల స్నేహితుల్ని తెచ్చారు, ఎండాకాలం పోయేసరికి ఒక కాలేజీ వాళ్లు ఆన్‌లైన్ క్లాసులు చెప్పమని పిలిచారు. ఒకసారి నా ఫోన్ ఎత్తి, పక్కన పెట్టి, క్లాసు ముగిస్తోంది. "మ్యూట్‌ల పెట్టుకో బిడ్డా. ఆఁ, ఇప్పుడు చెప్పు, ఎక్స్ ఎటు పోయింది?" అంటోంది. పద్దెనిమిదేళ్లలో ఆ గొంతు నేను వినలేదు. ఆ గొంతు ఆపిల్ ముక్కల కింద ఉందని కూడా నాకు తెలియదు.

ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే ఇక్కడి వీసా పోతుంది. ముందే రాసుకుంటే గడువు పెంచుతారు. నేను రాశాను, పెంచారు. మళ్లీ రాశాను, మళ్లీ పెంచారు. ఆ కాగితం ఆమెకు పంపినప్పుడల్లా "చూసిన" అని ఒక్క మాట వచ్చేది. విమానాలు తిరుగుతున్నాయి. ఎప్పుడొస్తావని నేను అడగలేదు, వస్తానని ఆమె అనలేదు.

మరుసటి ఏడు జూన్‌లో, అక్కడ రెండో విడత కాస్త తగ్గాక, వచ్చింది. సర్టిఫికెట్లు, బట్టలు, పుస్తకాలు తీసుకెళ్లడానికి. కాలేజీ వాళ్లు ఉద్యోగం పర్మనెంట్ చేశారు. ఆఫీసులో అందరికీ నేను, నా భార్య తిరిగొస్తోంది అని చెప్పాను. ఆ మాట సగం నిజమే కదా.

ఇండియా నుంచి వచ్చినవాళ్లు పద్నాలుగు రోజులు ఇల్లు కదలకూడదని అప్పటి రూలు. విడిపోవడానికి వచ్చిన మనిషి, రెండు గదుల ఇంట్లో, పద్నాలుగు రోజులు. ఆమె పడకగదిలో, నేను సోఫాలో. ఆమె రోజుకో అలమర ఖాళీ చేసింది. నేను వంట చేశాను. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పింది. ఎంత మర్యాదగా ఉన్నామంటే, స్నానాల గదికి వెళ్లేముందు కూడా ఒకరినొకరు అడిగి వెళ్లాం.

పదకొండో రోజు శనివారం. మధ్యాహ్నం ఆమే డీవీడీ తీసి పెట్టింది. సోఫాకు ఆ చివర ఆమె, ఈ చివర నేను. తుమ్ము సీనుకు ఇద్దరం నవ్వాం. తెర ఊడిపడి, అమ్మాయి వీధిలోకి పరుగెత్తాక ఆమె రిమోట్ తీసుకుని ఆపింది. పల్లపు వీధి నెత్తిన పియానో అలా ఆగిపోయింది.

"నాకు ఎప్పటిసంది ఒక డౌట్. ఈమె వాణ్ణి ఎందుకు మాఫ్ చేస్తది?"

"పాట టైమయింది కాబట్టి."

పెదవి చివర నవ్వింది. ఆ నవ్వు చూడగానే నా నోట్లో ఇంకో కోత తయారైపోయింది, హీరో అసలు పేరు సుబ్బారావు అనీ, తెనాలి వాడనీ. దాన్ని మింగాను. మొదటిసారి మింగడం కదా, కష్టంగానే దిగింది.

"నాకు భయమేసింది" అన్నాను. "అప్పుడు. ఆ జ్వరంలో. చచ్చిపోతాననుకున్నా. బాత్రూమ్‌లో పడుకునేవాణ్ణి. నీ ఫోన్ వచ్చేముందు నవ్వు ప్రాక్టీసు చేసేవాణ్ణి. నువ్వు రావాల్నా అన్నప్పుడు, వచ్చెయ్ అనాలనే ఉంది. అనడం రాలేదు."

ఆమె టీవీనే చూస్తోంది. "ఓమా సూపు పెట్టినప్పుడు ఏమన్నవ్ ఆమెతోని?"

"డాంకె అన్నా. ఉత్త థాంక్స్."

"ఇంక?"

"ఒకరోజు... తలుపుకి అటువైపు ఆమె ఉందని తెలిసి, ఇటువైపు కూర్చుని ఏడ్చాను. ఆమె వెళ్లలేదు. మెట్టు మీద కూర్చుంది. నేను ఆపేదాకా ఉంది."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆమెకైతే ఇయ్యొస్తది నీకు నీ ఏడుపు" అంది. "భాష గూడ సరిగ రాని ఆమెకు."

"ఉండిపో" అన్నాను. "నేను సరదాకి అనట్లేదు."

నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. నా ముఖం మీద ఏముందో వెతుకుతున్నట్టు కాదు, ఉన్నది కనపడినట్టు చూసింది.

"సరదాకి కాదని తెలుస్తుంది. ఇయ్యాల నిజంగనే అడిగినవ్." నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "కానీ నేను ఇక్కడ పద్దెనిమిదేండ్లు ఎట్లున్ననో నువ్వు గూడ అడగలే. నేను గూడ చెప్పలే. ఇద్దరం ఒక్కతీరే. నేను మళ్ల ఆపిల్ పండ్లు కోయలేనయ్యా. అక్కడ పిల్లలకు ఎగ్జామ్స్ ఉన్నయి."

అప్పుడు రిమోట్ నొక్కింది. పియానో పల్లంలోకి జారింది, పాట వచ్చింది, పోలీసులు డాన్సు చేశారు. ఆమె చివరిదాకా చూసింది. నేను ఆమెను చూశాను.

పదిహేనో రోజు పొద్దున రెండు పెట్టెలతో కిందికి దిగాం. ఓమా మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. కౌగిలించుకోవడానికి లేదు, ఇద్దరూ మోచేతులు తాకించుకున్నారు. ఎస్-బాన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర ఆమె పెట్టె పిడి పట్టుకుని, "ఫోన్ జెయ్యి" అంది. చేస్తానన్నాను. గాజు తలుపు మూసుకున్నాక కూడా ఆమె వెనక్కి చూసింది. ఇది నేను కల్పించింది కాదు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. వెనక పిల్లల గొంతులు, మేడమ్, మేడమ్ అంటున్నాయి.

"ఎట్లున్నవ్?" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఎస్-బాన్ డ్రైవరు స్టేషన్ల పేర్లన్నీ రాగం తీసి చదివాడనీ, బండి తాళానికి ఊగిందనీ నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగోలేదు" అన్నాను.

అవతల ఆమె ఎవరితోనో, "జర ఆగున్రి బిడ్డా" అనడం వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. పిల్లల గొంతులు దూరమయ్యాయి. నేనూ మాట్లాడలేదు, ఆమె కూడా మాట్లాడలేదు. ఆమె ఊపిరి తెలుస్తూనే ఉంది. ఎంతసేపో చూసుకోలేదు గానీ, ఆ పూట క్లాసు ఆలస్యంగా మొదలైంది.